నూనె తాగిన మట్టి

కోరుట్లలో మా నాన్నకు లారీలు బాగుచేసే షెడ్డు ఉండేది. షెడ్డు ముందు రోడ్డు, పక్కన గోడకు గోడ ఆనుకొని మా ఇల్లు. నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్నప్పుడు, కాలేజీ నుంచి వచ్చాక షెడ్డులో చిన్న చిన్న పనులు నా మీద పడేవి. నట్లూ బోల్టులూ గ్యాసునూనెలో, అంటే కిరోసిన్‌లో, కడిగి ఆరబెట్టాలి, పాత గుడ్డలు ఏరి పెట్టాలి, ఇంజన్ కింద రేకు తట్టలోకి దించిన పాత ఆయిల్‌ను తీసుకుపోయి డ్రమ్ములో పోయాలి. మా నాన్నకు మగపిల్లలు లేరు. ఆ మాట ఆయన ఎప్పుడూ నోరు తెరిచి అనలేదు గానీ పనులు మాత్రం చెప్పేవాడు.

డ్రమ్ము రోడ్డు వైపు ఉండేది. సెంట్రింగ్ పనివాళ్లు చెక్కలకు పూసుకోవడానికి ఆ పాత నూనె పట్టుకుపోయేవాళ్లు. దాని చుట్టూ ఎప్పుడు చూసినా లారీ డ్రైవర్లు చాయ్ తాగుతూ నిలబడి ఉండేవాళ్లు. రెండు చేతులతో నల్లటి తట్ట పట్టుకొని, జారే చున్నీని సర్దుకోలేక, వాళ్ల మధ్యలోంచి నడవాలంటే నాకు చచ్చేంత సిగ్గు. నాతో చదివే అమ్మాయిలు బస్సు దిగేది కూడా అక్కడే. ఒకరోజు తట్ట ఎత్తి నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగాను. షెడ్డు వెనక గోడ అడుగున వాన నీళ్లు పోవడానికి వదిలిన తూము ఉంది. తట్టను అందులోకి వంచాను. చప్పుడు లేకుండా జారిపోయింది.

ఆ తర్వాత అదే అలవాటైంది. ఏడాదికి పైనే అలా పోశాను. డ్రమ్ము ఖాళీగా కనబడితే అనుమానం వస్తుందని రెండు మూడు తట్టలకొకటి అందులోనూ పోసేదాన్ని. ఆ లెక్క తట్టిన మనిషికి, గోడ అవతల ఏముందో తట్టలేదంటే ఎవరూ నమ్మరు. నాకు తెలుసు. గోడ అవతల చిన్నమ్మ కూరగాయల మడి ఉంది.

చిన్నమ్మ మాకు చుట్టం కాదు. వెనకింటి ఆవిడ. భర్త మస్కట్‌లో ఉండేవాడు, రెండేళ్లకోసారి వచ్చేవాడు. ఆమె పగలంతా అరుగు మీద కూర్చొని బీడీలు చుట్టేది, పొద్దున్నా సాయంత్రం మడిలో ఉండేది. పాలకూర, పుంటికూర, కొత్తిమీర, మెంతికూర. మా వాడకట్టులో సగం ఇళ్లకు కూర అక్కడి నుంచే. నేను గోడ మీంచి తొంగిచూస్తే చాలు, "దా బిడ్డా, పట్కపో" అని ఓ కట్ట అందించేది. నూనె పోస్తున్న ఏడాదంతా ఆ కట్టలు నేను అందుకుంటూనే ఉన్నాను.

రెండో వానాకాలం సగంలో ఆమె షెడ్డుకు వచ్చింది. చేతిలో పీకిన పుంటికూర మొక్కలు ఉన్నాయి. వాటిని మా నాన్న ముందు బల్ల మీద పెట్టింది.

"సేటూ, గిటు జూడు. వేర్లు జూడు ఎట్ల నల్లగైనయో. మడిల కాలు పెడితే జిడ్డు. నీళ్లు పెడితే మీద తెట్టె కడుతున్నది. ఎవలు పోస్తున్నరు నా నెత్తిన గీ నూనె?"

నాన్న లేచి వెనక్కి పోయి తూము చూశాడు. గోడ అడుగంతా కారిన నల్లటి చార. తిరిగి వచ్చి మా మెకానిక్‌ను పిలిచాడు. ఆయన్ని నేను అన్నా అని పిలిచేదాన్ని. రుద్రంగి దగ్గర పల్లె నుంచి వచ్చి ఆరేడేళ్లుగా మా దగ్గరే పనిచేస్తున్నాడు. అప్పటికి ముప్పై దాటి ఉంటాయి, పెళ్లయి ఒక పాప. ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పేవాడని డ్రైవర్లు ఆయన కోసమే మా షెడ్డుకు వచ్చేవాళ్లు.

"ఆయిల్ దించేది నువ్వే గదా?" అన్నాడు నాన్న.

"దించుడు నేనే సేటూ. తూముల పోసుడు నేను గాదు."

"మరెవడు పోసిండు? నేను పోసిన్నా?"

తట్టలు మోసేది నేను కూడానని నాన్నకు తెలుసు, అయినా ఆయన అనుమానం కూతురి మీదికి పోలేదు. నేను ఇంట్లోంచి షెడ్డులోకి వచ్చే గుమ్మంలో నిలబడి ఉన్నాను. చేతులు వెనక్కి పెట్టుకున్నాను. అన్న తల తిప్పి ఒక్కసారి నా వైపు చూశాడు. కోపంగా కాదు. ఎదురుచూసినట్టు చూశాడు.

"ఆడిమనిషి నోటికాడి కూర మీద నూనె పోసి, మళ్ల గాదంటవా?" అని నాన్న గొంతు పెంచాడు. చిన్నమ్మ కూడా తిట్టింది. వాడకట్టు వాళ్లు పోగయ్యారు. అందరి ముందూ పరువు పోయిందన్న కోపంలో నాన్న, "రేపట్నించి రాకు" అనేశాడు. అన్న పాత గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తన స్పానర్లు తీసి గోనెసంచిలో వేసుకున్నాడు. నేను లోపలికి పోయి నీళ్లు తాగాను. ఆ నీళ్లు తాగినట్టు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే ఆ సమయంలో చేయాల్సిన పని అది కాదు.

కొన్నాళ్లకు ఆయన సిరిసిల్లలో వాళ్ల బావ దగ్గర సాంచెల పనికి కుదిరాడని తెలిసింది. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. నాన్న తూమును సిమెంటుతో మూయించాడు. చిన్నమ్మ మడిలో గోడ పక్క సగం మళ్లీ పచ్చబడలేదు. ఆమె రెండేళ్లు విత్తనం చల్లి చూసింది, తర్వాత చల్లడం మానేసింది. ఆ సగం పోయినందుకు బీడీలు ఎక్కువ చుట్టింది. అన్న ఎప్పుడైనా ఊళ్లోకి వస్తే ఎదురుపడ్డ చోట ముఖం మీదే ఉమ్మినంత పనిచేసేదట. ఆ తర్వాత ఆయన కోరుట్లకు రావడమే మానుకున్నాడు.

నేను మైక్రోబయాలజీ చదివాను. ఎందుకు ఆ చదువే ఎంచుకున్నావని ఎవరైనా అడిగితే సీటు అందులో వచ్చిందని చెప్తాను. అది నిజమే. ఉద్యోగం జగిత్యాలలో, డిగ్రీ కాలేజీలో. పెళ్లయింది, పిల్లలయ్యారు. నాన్న గుండె జబ్బుతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం ఆయనే ఆ సంగతి ఎత్తాడు.

"వాడసొంటి పనోడు మళ్ల దొరకలేదు బిడ్డా. గా ఒక్క తప్పు పని చెయ్యకపోతే ఎంత బాగుండు."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. గదిలో ఇద్దరమే ఉన్నాం. నేను ఆయన తల కింద దిండు సర్ది, కొబ్బరినీళ్లు తాగుతావా అని అడిగాను. ఆ వారమే ఆయన పోయాడు. నేను చేసిన వాటిలో దిద్దుకోవడానికి వీల్లేనిది అది. మట్టి అయితే ఇంకా అక్కడే ఉంది. నాన్న లేడు.

నాలుగేళ్ల కిందట ఫైనలియర్ పిల్లలు నూనె తినే బ్యాక్టీరియా మీద ప్రాజెక్టు చేస్తామన్నారు. పెట్రోలు బంకు మట్టి ఒకరు, బస్సులు నిలిపే చోటి మట్టి ఒకరు తెచ్చారు. నేనూ ఓ డబ్బాలో మట్టి తెచ్చాను. "మేడం, ఎక్కడిది?" అని అడిగితే, "కోరుట్లలో ఓ షెడ్డు వెనకది" అన్నాను. ఓ షెడ్డు. మా షెడ్డు అని కూడా అనలేదు.

ఫ్లాస్కులో కొన్ని లవణాలు కలిపిన నీళ్లు పోసి, తిండిగా పాత ఇంజన్ ఆయిల్ మాత్రమే వేసి, చిటికెడు మట్టి కలిపాం. తినడానికి ఇంకేమీ లేదు కాబట్టి నూనెను తినగలిగేవే బతుకుతాయి. వారం పది రోజులకు బంకు మట్టి ఫ్లాస్కు కొంచెం మసకబారింది. నేను తెచ్చిన మట్టి ఫ్లాస్కులో మాత్రం పైన తేలే నల్లటి పొర ముక్కలై, పూసలై, నీళ్లు మజ్జిగలా చిక్కబడ్డాయి. పిల్లలు సంబరపడ్డారు. ఇంత గట్టి బ్యాక్టీరియా ఎక్కడి నుంచి వచ్చిందని ఒకమ్మాయి అడిగింది. బయటి నుంచి రాలేదనీ, అక్కడి మట్టిలో ఉన్నవాటిలోనే నూనె తినగలిగినవి ఇన్నేళ్లలో పెరిగాయనీ వివరించాను. ఇన్నేళ్లూ అవి తిన్న నూనె పోసింది నేనేనని చెప్పలేదు.

ఆ ఆదివారం కోరుట్ల పోయాను. షెడ్డు అప్పటికి టైల్స్ దుకాణానికి అద్దెకిచ్చాం. చిన్నమ్మ అరుగు మీదే ఉంది, వెంట్రుకలు నెరిశాయి, మెడ ముందుకు వంగింది. భర్త మస్కట్ నుంచి తిరిగొచ్చి, ఆ తర్వాత కాలం చేశాడు. మడిని బాగుచేసి చూస్తానని చెప్పాను.

"ఏమేసి బాగుజేస్తవు? మందా?"

"మందు కాదు చిన్నమ్మా. కంటికి కనబడని పురుగులు. నూనెను తిని బతుకుతయ్. మనం వాటికి గాలి, తడి, కొంచెం ఎరువు అందిస్తే చాలు."

ఆమె నవ్వింది. "నూనె తినే పురుగులా! మనుషులు తినే నూనె గాదు బిడ్డా, అది లారీల నూనె."

"అదే తింటయ్."

"తింటే తిననీ. నాదేం పోతది."

ఇద్దరు కూలీలను పెట్టి గోడ పక్క మట్టిని మోకాలి లోతు తవ్వించాను. అడుగుకు పోయేకొద్దీ వాసన. ఇన్నేళ్లయినా, పార దిగినప్పుడల్లా మా షెడ్డు వాసన. గాలి ఆడక అడుగున నూనె అలాగే ఉండిపోయింది. మట్టిని వరుసలుగా పోయించి, చివికిన పెంట, వరి ఊక, కొంచెం యూరియా, సూపర్ ఫాస్ఫేటు కలిపాం. ల్యాబులో పెంచిన బ్యాక్టీరియాను డ్రమ్ముల్లో తెచ్చి చల్లాం. ఆ తర్వాత పదిహేను రోజులకోసారి తిరగేయడం, ఎండితే తడపడం. జగిత్యాల నుంచి గంట ప్రయాణమే. ఆదివారాలు పోయేదాన్ని. నేను రాని రోజుల్లో చిన్నమ్మే బకెట్లతో నీళ్లు చల్లేది.

మొదటి ఏడాది చివరికి వాసన తగ్గింది. పరీక్ష కోసం చల్లిన పెసలు మొలిచాయి. రెండో వానకు వానపాము కనబడింది. చిన్నమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకొని వాడకట్టంతా చూపించి వచ్చింది. అంతా బాగుందనే అనాలి. కానీ ఆమె మాటలు నాకు ముళ్లు.

"సూసినవా, మనుషులల్ల ఎంత తేడా ఉంటదో. ఆ పాపిష్టోడు నా మడిల నూనె పోసి పోయిండు. మీ అయ్య మంచోడు గనుక ఎల్లగొట్టిండు. నువ్వేమో ఇన్నేండ్ల సంది యాది పెట్టుకొని కడుగుతున్నవు. నీ కడుపు సల్లగుండ."

ఆమె ఎవరు వచ్చినా ఈ మాటే చెప్పేది. అన్న పేరు తీసి తిట్టి, ఆ తర్వాత నన్ను మెచ్చుకొనేది. మెచ్చుకోలు నాకు దక్కాలంటే తిట్టు ఆయనకు పడాల్సిందే. నేను పార పట్టుకొని తల వంచుకొని ఉండేదాన్ని. పొగడ్త ఇష్టం లేక తల వంచుకున్నానని వాళ్లు అనుకునేవాళ్లు. కాలేజీలో ప్రిన్సిపల్ శాలువా కప్పారు. పేపర్లో ఫొటో వచ్చింది, మడి ముందు నిలబడి, పక్కన చిన్నమ్మ. ఆ పేపరు సిరిసిల్లకు కూడా పోతుందని నాకు ఆ రోజు సాయంత్రం గుర్తొచ్చింది.

ఆ వచ్చే ఆదివారం కోరుట్లకు కాకుండా సిరిసిల్ల బస్సెక్కాను. నాన్న షెడ్డుకు వచ్చే ఒక పాత డ్రైవరు గుర్తులు చెప్పాడు. సందులోకి తిరగగానే సాంచెల చప్పుడు. మాట వినబడాలంటే చెవి దగ్గర నోరు పెట్టాలి. అన్న ఓ షెడ్డులో సాంచె కింద దూరి బోల్టు బిగిస్తున్నాడు. యాభై దాటిన మనిషి. బయటకు వచ్చి, నన్ను చూసి, వెంటనే గుర్తుపట్టాడు.

"సేటు బిడ్డవు గదా. పేపర్ల జూసిన."

బయట అరుగు మీద కూర్చున్నాం. ఆయన చాయ్ చెప్పాడు. నేను దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ పోయి, "అన్నా, ఆ నూనె పోసింది నేను" అన్నాను.

"ఎరుకే."

"ఎట్ల ఎరుక?"

"నీ చున్నీ అంచుకు నూనె మరకలు. డ్రమ్ముల పోసేటోళ్లకు పైన పడతయ్. నీకు కింద, కాళ్ల దగ్గర అంటినయ్. ఒంగి పోస్తెనే గట్ల అంటుతది."

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

ఆయన చాయ్ గ్లాసు అరుగు మీద పెట్టాడు. "చెప్తే నమ్ముతుండెనా మీ నాయిన? సేటు బిడ్డ మీద పనోడు పేరు చెప్పుడా? నువ్వే చెప్తవు అనుకున్న. చిన్నపిల్ల, భయపడ్డది, పొద్దుగూకేసరికి చెప్తది అనుకున్న. మూడు బస్సులు విడిచిపెట్టి బస్టాండ్ల కూసున్న. మీ నాయిన ఎవలనన్న పంపుతడని."

నేను ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు, విసుక్కోలేదు. ఏడుపు ఆగేదాకా అటు చూస్తూ కూర్చున్నాడు. సిరిసిల్లకు వచ్చాక మొదటి ఏడాది చాలా కష్టంగా గడిచిందని, లారీ పని తప్ప వేరే రాదని, బావ దగ్గర మాట పడి బతకాల్సి వచ్చిందని చెప్పాడు. తర్వాత సాంచెల రిపేరు నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆ వాడలో ఎవరి సాంచె ఆగినా ఆయన్నే పిలుస్తారట. "ఇప్పుడు మంచిగనే ఉన్న. నీ మీద పగ ఏం లేదు. కని మాఫ్ జేసిన అని కూడ చెప్పరాదు, అబద్ధమైతది" అన్నాడు.

"నాతో కోరుట్లకు రా అన్నా. చిన్నమ్మకు నీ ముందరే చెప్తాను."

"నేనెందుకు? సాక్ష్యానికా?" ఆయన లేచాడు. "చేసింది నువ్వు. చెప్పుడు నీ పని. ఆమె నన్ను తిట్టిన మాటలు నా బిడ్డ ఇన్నది. గంతే నాకు బాధ."

తిరుగు బస్సులో వేములవాడ దాటేదాకా ఇంటికి పోదామనే అనుకున్నాను. ఆలస్యం చేస్తే మళ్లీ చెప్పనని నా సంగతి నాకు తెలుసు కాబట్టి, నేరుగా కోరుట్ల పోయాను.

చిన్నమ్మ బీడీలకు తునికాకు కత్తిరిస్తోంది. ముందు నిలబడే చెప్పాను. తట్ట సంగతి, తూము సంగతి, సిగ్గు సంగతి, గుమ్మంలో నిలబడి నోరు మూసుకున్న సంగతి. ఆమె కత్తెర ఆపలేదు. చెప్పడం అయిపోయాక కూడా రెండు మూడు ఆకులు కత్తిరించింది.

"మీ అయ్యకు ఎరుకనా?"

"తెలియదు. చెప్పలేదు."

"ఆని మొఖం మీద ఉమ్మినంత పని జేసిన నేను. నడిబజార్ల. ఆని పెండ్లం ముందట." ఆమె కత్తెర కింద పెట్టింది. "నూనె పోసినవు, చిన్నపోరివి, పోనీ. నా నోటితోటి గంత పాపం జేయించినవు గదా. ఇగ పో, మేడమ్. లే, పో."

అంతవరకూ ఆమె నన్ను మేడమ్ అని పిలవలేదు.

తర్వాత నెల రోజులు మడి తలుపుకు లోపలి నుంచి గొళ్లెం. నేను పోయి, బయట నిలబడి, తిరిగి వచ్చేదాన్ని. కాలేజీలో ప్రిన్సిపల్‌కు కూడా నిజం చెప్పాను. ఆయన ఇబ్బందిగా కదిలి, "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా" అన్నారు. పిల్లలకూ మట్టి డబ్బా చూపించి అది మా షెడ్డు వెనకదనీ, పోసింది నేననీ చెప్పాను.

ఒకరోజు చిన్నమ్మ మనవరాలు ఫోన్ చేసి, సిరిసిల్లాయన నంబరు అవ్వకు కావాలట, అంది. ఇచ్చాను. వాళ్లు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, ఎవరూ చెప్పలేదు. బతుకమ్మ పండక్కు ముందు ఆయన భార్యతో, కూతురితో కోరుట్లలో దిగాడనీ, చిన్నమ్మ బస్టాండు దాకా ఎదురుపోయిందనీ, అరుగు మీద కూర్చోబెట్టి అన్నం పెట్టిందనీ టైల్స్ దుకాణం అతను చెప్తే విన్నాను. నన్ను పిలవలేదు. పిలవాల్సిన పనీ లేదు. నాకు సంతోషమేసింది, ఆ వెంటనే నాన్న గుర్తొచ్చాడు. ఆ అరుగు మీద కూర్చోవాల్సిన మూడో మనిషి ఆయన.

ఇంకో సంగతి కూడా ఉంది. మడి బాగైందని పేపరు వాళ్లు రాశారు గానీ అది పూర్తి నిజం కాదు. బ్యాక్టీరియా నూనెను తింటుంది. ఇంజన్ అరిగి నూనెలో కలిసిన సీసం లాంటి లోహాలను తినదు. అవి మట్టిలోనే ఉంటాయి, ఆకుకూరల్లోకి ఎక్కుతాయి. గొళ్లెం పడకముందే తీసిపెట్టుకున్న మట్టిని పరీక్షకు పంపితే, తినే కూర మాత్రం ఇప్పుడే వేయొద్దని రిపోర్టు వచ్చింది. ఆ కాగితం పట్టుకొని మళ్లీ చిన్నమ్మ ముందు నిలబడ్డాను. ఈసారి ఆలస్యం చేయలేదు.

"ఇంకెన్నేండ్లు?" అంది.

"తెలియదు చిన్నమ్మా. పరీక్ష చేయిస్తూ ఉండాలి. అప్పటిదాకా పూలు వేసుకోవచ్చు."

ఆమె లేచి, మడి తలుపు గొళ్లెం తీసింది. ఆ ఏడు బంతి నారు పెట్టాం. ఇప్పటికీ నెలకు రెండుసార్లు పోతాను. ఆమె ఒక వరుస, నేనొక వరుస తవ్వుతాం. పెద్దగా మాటలుండవు. నేను నడుం పట్టుకొని నిలబడితే, "ఆడ ఇంక గట్టిగున్నది, తవ్వు" అంటుంది. తవ్వుతాను.